తాగి నడిపినవాడి బీమా: ఐఆర్‌డీఏఐ ఛైర్మన్ గారికి గాజువాక నుంచి లేఖ

గౌరవనీయులైన భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ ఛైర్మన్ గారికి,

నేను గాజువాకలో మోటారు బీమా ఏజెంటుని. నా దగ్గర పాలసీ తీసుకునేవాళ్లలో ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగులున్నారు, పోర్టు నుంచి బొగ్గు, కంటైనర్లు తోలే లారీ ఓనర్లున్నారు, ఆటోనగర్‌లో షెడ్లు నడిపేవాళ్లున్నారు, పరవాడ ఫార్మా సిటీకి రోజూ కార్లో వెళ్లొచ్చే కుర్రాళ్లున్నారు. మీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. తెలుగులో రాసినా మీకు చదివి వినిపించేవాళ్లు పక్కనే ఉంటారన్న ధైర్యంతో రాస్తున్నాను.

ఈ లేఖ డ్రంక్ అండ్ డ్రైవ్ కేసులో శిక్ష పడినవాళ్ల బీమా గురించి. వాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకోవడం లేదు. తాగి బండి తీయడం నేరం, దానికి శిక్ష పడాల్సిందే. కానీ రాత్రిపూట షీలానగర్ నుంచి కాన్వెంట్ జంక్షన్ దాకా పోర్టు రోడ్డు అంచున సైకిలు మీద ఇంటికి పోయే కలాసీ ఒకడుంటాడు. వెనక నుంచి వచ్చే కారు నడిపేవాడు తాగి ఉన్నాడా లేదా అన్నది అతని చేతిలో లేదు. గుద్దిన తర్వాత ఆ కారుకు బీమా ఉందా లేదా అన్నదాని మీద అతని భార్యాబిడ్డల బతుకు ఆధారపడి ఉంటుంది. ప్రీమియం ధరల మీద మీరు తీసుకునే నిర్ణయం ఆ ఇంటిదాకా వెళ్తుంది.

మా విశాఖలో వారాంతపు రాత్రుల్లో బీచ్ రోడ్డులోనో, హనుమంతవాక దగ్గరో, కూర్మన్నపాలెం దగ్గరో పోలీసులు ఆపి ఊదిస్తారు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద కేసు. అక్కడికక్కడ చలానా కట్టి బయటపడే వ్యవహారం కాదిది, కోర్టు మెట్లెక్కాలి. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితే 10,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ. మళ్లీ దొరికితే జరిమానా 15,000, జైలు రెండేళ్ల దాకా. లైసెన్సు మొదటిసారికి మూడు నెలలు సస్పెండవుతుంది, రెండోసారికి రద్దవుతుంది. ఆ మధ్య విశాఖ కోర్టు ఇలా దొరికినవాళ్ల చేత ఆర్కే బీచ్‌లో చెత్త ఏరించింది.

కోర్టు పని అయ్యాక ఆ మనిషి నా దగ్గరికి వచ్చి అడిగేది దాదాపు ఒకే మాట: "కేసు పడింది కదండీ, ఇన్సూరెన్స్ పెరిగిపోతుందా? తక్కువలో ఎక్కడ దొరుకుతుందో చెప్పండి."

పెరగదు. మన దేశంలో ఈ రోజుకి ఉన్న సమాధానం ఇదే. థర్డ్ పార్టీ (టీపీ), అంటే ఎదుటివాడి నష్టానికి ఇచ్చే బీమా, దాని ప్రీమియం కేంద్ర ప్రభుత్వం మీ సంస్థతో సంప్రదించి నోటిఫై చేసే ధర. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం 1000 సీసీ లోపు సొంత కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, 1500 సీసీ దాకా 3,416, ఆ పైన 7,897. 75 నుంచి 150 సీసీ దాకా బైకుకు 714. నలభై టన్నులు దాటిన గూడ్సు లారీకి 44,242. జీఎస్టీ వేరు. ఈ పట్టికలో ఇంజను సైజుంది, బండి బరువుంది. నడిపేవాడి చరిత్ర లేదు. కాబట్టి "మీకు కేసుంది, టీపీకి ఎక్కువవుతుంది" అని ఎవరైనా అంటే అది అబద్ధం. ఈ లేఖ చదివే మామూలు పాఠకులు కూడా ఇది గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. అలాంటి మాటలకు భయపడి, ఆర్టీవో ఆఫీసు చుట్టుపక్కల తిరిగే దళారి చేతికి డబ్బిచ్చి నకిలీ కాగితం తెచ్చుకునేవాళ్లుంటారు. పాలసీ అసలుదో కాదో ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి చూసుకోవచ్చు.

ఇక ఓన్ డ్యామేజీ, అంటే సొంత బండి నష్టానికి ఇచ్చే బీమా. దీని ధర కంపెనీల ఇష్టం. ఇక్కడైనా శిక్ష లెక్కలోకి వస్తుందా? ఒక కస్టమరు నా ఎదురుగా కూర్చుని రెన్యువల్ చేసుకున్నాడు. లైసెన్సు సస్పెన్షన్లో ఉంది. ఫోనులో బండి నంబరు కొట్టాడు. పోయిన ఏడాది క్లెయిము చేశారా అని పేజీ అడిగింది. లేదని నొక్కాడు. అంతే, అంతకుముందు 25 శాతం ఉన్న నో క్లెయిమ్ బోనస్ 35 శాతానికి ఎక్కింది. కోర్టులో దోషిగా నిలబడిన ఏడాదే అతనికి డిస్కౌంటు పెరిగింది. ఆ పేజీ శిక్ష గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. బండి జాగ్రత్తగా నడిపినందుకు ఇచ్చే బహుమతి అని జనం అనుకునే బోనస్ నిజానికి క్లెయిము అడగనందుకు ఇచ్చేది మాత్రమే. ఐదేళ్లు క్లెయిము లేకపోతే 50 శాతం దాకా వస్తుంది, ఆ ఐదేళ్లలో ఎన్నిసార్లు ఊదించుకున్నా సరే.

ఇలా చవకగా చేతికొచ్చిన ఆ పాలసీ అతన్ని ఎంత కాపాడుతుంది? దీని గురించి నా కస్టమర్లలో చాలామందికి తెలియదు. పాలసీ కాగితాల్లో ఎక్కడో లోపల, సన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో ఒక షరతు ఉంటుంది. బండి ఓనరు గానీ, ఓనరుకు తెలిసి అతని అనుమతితో నడుపుతున్నవాడు గానీ మద్యం మత్తులో ఉండగా జరిగిన నష్టానికి కంపెనీ బాధ్యత వహించదు. 2007 డిసెంబరులో ఢిల్లీ ఇండియా గేట్ దగ్గర ఒక పోర్షే కారు ధ్వంసమైంది. దాని క్లెయిము మీద బీమా కంపెనీ ఇఫ్కో టోకియోకూ, కారు ఓనరు పెర్ల్ బెవరేజెస్‌కూ మధ్య నడిచిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జాతీయ వినియోగదారుల కమిషన్ కారు ఓనరు పక్షాన నిలిచింది. 2021 ఏప్రిల్లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. శ్వాస పరీక్ష గానీ, రక్త పరీక్ష గానీ లేనంత మాత్రాన కంపెనీ వాదన వీగిపోదని, పరిస్థితులను బట్టి కూడా మత్తును రుజువు చేయొచ్చని చెప్పింది. అంటే "ఊదించలేదు కదా, రుజువేముంది" అన్న ధీమా కూడా ఇప్పుడు పనికిరాదు. 15 లక్షల తప్పనిసరి వ్యక్తిగత ప్రమాద బీమాకు సైతం ఈ షరతు వర్తిస్తుంది. తాగి నడిపి చనిపోయినవాడి భార్య ఆ డబ్బు కోసం వస్తే ఆమెకు చెప్పాల్సిన మాట ఏమిటో ఆలోచించండి.

సస్పెన్షన్లో ఉన్న మూడు నెలలు ఇంకో గండం. షిఫ్టు మానలేడు, బస్సు వేళకు ఉండదు, మెల్లగా నడుపుకుంటూ పోతే ఎవరు చూస్తారని కారు తీస్తాడు. ఆ రోజు అతను చుక్క కూడా ముట్టకపోయినా, లైసెన్సు లేనివాడి కింద లెక్క. చిన్న ప్రమాదం జరిగినా ఓన్ డ్యామేజీ పోయినట్టే. అలా అని ప్రీమియం ఎందుకు దండగని ఆ మూడు నెలలూ పాలసీని వదిలేసినవాళ్లూ ఉన్నారు. గడువు దాటి 90 రోజులైతే బోనస్ మొత్తం పోతుంది, బండిని మళ్లీ తనిఖీ చేయించాలి, ఈ లోపు ఇంట్లో ఎవరైనా ఆ కారు బయటికి తీస్తే బీమా లేని బండి. అందుకని వచ్చినవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మూడు నెలలూ తాళం చెవి ఇంట్లోవాళ్లకు ఇవ్వండి, పాలసీని మాత్రం ఒక్క రోజు కూడా తెగనివ్వకండి. ప్రపోజల్ ఫారంలో డ్రైవరు గురించి అడిగితే నిజం రాయండి. ప్రీమియం తగ్గాలంటే బండి విలువ, అదే ఐడీవీ, తక్కువ చూపించే దారి పట్టకండి, బండి పోయిన రోజు తెలుస్తుంది నష్టం. నష్టంలో కొంత మీరే భరిస్తామని ముందే ఒప్పుకుంటే ప్రీమియంలో రాయితీ ఉంది, అది అడగండి.

ఇంతవరకు చెప్పింది బండి ఓనరు సొంత నష్టం. నేను మీకు రాయడానికి అసలు కారణం దెబ్బ తిన్నవాడు.

తాగినవాడు గుద్దితే థర్డ్ పార్టీకి కంపెనీ డబ్బు కట్టాలా? 2019 సవరణ 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చినప్పుడు, కంపెనీలు బాధ్యత తప్పించుకోవడానికి చూపగలిగిన కారణాల్లో మద్యం మత్తును కూడా సెక్షన్ 150లో చేర్చారు. అయినా కోర్టులు ఇప్పటిదాకా చాలావరకు బాధితుడి పక్షానే నిలబడ్డాయి. లైసెన్సు లోపాల విషయంలో 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చూపిన దారినే పట్టి, ముందు మీరు కట్టండి, తర్వాత ఓనరు దగ్గర రాబట్టుకోండి అని మోటారు ప్రమాదాల ట్రైబ్యునళ్లు కంపెనీలకు చెబుతున్నాయి. తాగి నడిపిన కేసులో 2023లో కేరళ హైకోర్టు ఇదే మాట చెప్పింది. మంచిదే. కానీ ఆ మాట చెప్పించుకోవడానికి ఒక కుటుంబం వకీలును పెట్టుకోవాలి, వాయిదాలకు తిరగాలి, కంపెనీ పైకోర్టుకు వెళ్తే అక్కడికీ వెళ్లాలి. మా విశాఖ జిల్లా కోర్టు ఆవరణలో భర్త ఫొటో, పోస్టుమార్టం రిపోర్టు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లను నేను చూస్తూ ఉంటాను. నడిపినవాడు తాగి ఉన్నాడన్నది వాళ్లకు న్యాయం త్వరగా దక్కేలా చేయాల్సిన సంగతి. ఇప్పుడు అదే కంపెనీ వకీలు చేతిలో ఆయుధమవుతోంది.

ఆ కారుకు అసలు బీమాయే లేకపోతే? అప్పుడు ముందు కట్టేవాళ్లే ఉండరు. గెలిచిన డిక్రీ పట్టుకుని ఆస్తి లేనివాడి ఇంటి చుట్టూ తిరగడమే. దేశంలో సగానికి పైగా వాహనాలకు బీమా లేదని పార్లమెంటు ఆర్థిక స్థాయీ సంఘం 2024లో చెప్పింది. తాగినవాడి ప్రీమియం పెంచే ముందు ఈ సంగతిని ఎదురుగా పెట్టుకోమని ప్రార్థిస్తున్నాను.

మీ సంస్థ 2019లో ఒక కార్యబృందాన్ని వేసింది. 2021 జనవరిలో బయటికొచ్చిన దాని నివేదిక నేను చదివాను. ట్రాఫిక్ ఉల్లంఘనలకు పాయింట్లు వేసి, వాటిని బట్టి ప్రత్యేకంగా ఒక ప్రీమియం వసూలు చేయాలని, తాగి నడిపితే అన్నిటికంటే ఎక్కువగా 100 పాయింట్లు వేయాలని అది చెప్పింది. ముందు ఢిల్లీలో ప్రయోగంగా చేసి చూడాలన్నది ఆలోచన. ఆ ప్రతిపాదన మళ్లీ మళ్లీ వార్తల్లోకి వస్తూనే ఉంది. తాగి నడిపినవాడు, నిష్ఠగా నడిపేవాడు ఒకే ధర కట్టడం అన్యాయమని ఆ బృందం అన్నదాంతో నాకు ఏ పేచీ లేదు. పేచీ అంతా ఆ భారం ఎవరి మీద, ఏ బీమా మీద వేస్తారన్న దగ్గరే.

ఆ నివేదికలో ఉల్లంఘన ప్రీమియం కట్టాల్సింది బండి రిజిస్టర్డ్ ఓనరు. కొత్త బండి కొంటే లెక్క సున్నా నుంచి మొదలు. ఇది మా ఊరికి ఎలా వర్తిస్తుందో చెబుతాను. పోర్టులో సరుకు తోలే లారీల డ్రైవర్లు ఒక ఓనరు దగ్గర నిలకడగా ఉండరు. ఇవాళ ఈ లారీ, పండగ తర్వాత ఇంకో లారీ. ఒక డ్రైవరు తాగి దొరికితే ఓనరు అతన్ని తీసేస్తాడు. అతను మల్కాపురంలోనో, అనకాపల్లి దగ్గరో ఇంకో స్టీరింగు పట్టుకుంటాడు. పాయింట్లు మాత్రం పాత లారీకే అంటుకుని ఉంటాయి. తర్వాత ఆ లారీ ఎక్కిన మంచి డ్రైవరు, అప్పు చేసి లారీ కొన్న ఓనరు ఆ భారం మోస్తారు. కారు ఉన్న డబ్బున్నవాడేమో పాయింట్లు పడిన కారు అమ్మేసి కొత్తది కొంటాడు, సున్నాతో బయల్దేరతాడు. ఓనర్లకు బాధ్యత లేదనను. డ్రైవరు గత చరిత్ర చూడకుండా 44 వేల ప్రీమియం కట్టిన బండిని అప్పగించే ఓనరుకు అది తెలిసే దారి ఉండాలి. దానికి లెక్క లైసెన్సు నంబరు మీద నడవాలి. లైసెన్సుల వివరాలుండే సారథి డేటా కేంద్ర ప్రభుత్వం దగ్గరుంది, బీమా సమాచారం చేర్చే ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో మీ హైదరాబాద్‌లోనే ఉంది. ఆ రెండూ కలిస్తే చాలు.

విదేశాల్లో ఉన్న మన పిల్లలకు ఇది బాగా తెలుసు. మా ఎంవీపీ కాలనీలో, మధురవాడలో ఇంటికొకరు అమెరికాలో ఉంటారు. అక్కడ తాగి దొరికితే చాలా రాష్ట్రాల్లో లైసెన్సు తిరిగి రావాలంటే ఎస్ఆర్-22 అనే పత్రం కావాలి. కాలిఫోర్నియాలో మూడేళ్లు, టెక్సాస్‌లో రెండేళ్లు, ఈ మనిషికి బీమా ఉందని కంపెనీయే ప్రభుత్వానికి హామీ ఇస్తూ ఉండాలి. పాలసీ తెగితే ఆ సంగతి ప్రభుత్వానికి చెబుతుంది, లైసెన్సు మళ్లీ పోతుంది. ప్రీమియం బాగా పెరుగుతుంది, నిజమే. వీసాకు కూడా ముప్పే. కానీ అక్కడ శిక్ష మనిషి వెంట నడుస్తుంది, బండి వెంట కాదు. ఎదుటివాడికి బీమా తెగకుండా చూడటం శిక్షలో ఒక భాగం. బ్రిటన్లో శిక్ష సంగతి లైసెన్సు రికార్డులో 11 ఏళ్లు ఉంటుంది, కంపెనీలు సాధారణంగా ఐదేళ్ల చరిత్ర అడుగుతాయి. కోర్టు అనుమతించిన పునరావాస కోర్సు పూర్తి చేస్తే డ్రైవింగ్ నిషేధ కాలం నాలుగో వంతు దాకా తగ్గుతుంది. తప్పు చేసినవాడు దారికి రావడానికి ఒక గడువు, ఒక మార్గం రెండూ ఉన్నాయక్కడ.

మనకూ అలాంటి మార్గం ఎందుకు కావాలో చెబుతాను. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. ఒక మనిషి తాగి బైకెక్కాడు, పడిపోయాడు. రోడ్డు మీద పడున్న ఆ బైకును హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు ఈడ్చుకుపోయింది. మంటలు లేచి 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. తాగి తీసిన బండి ఎంత చిన్నదైనా నష్టం ఎంతదూరం పాకుతుందో మన రాష్ట్రం చూసింది.

అందుకని మిమ్మల్ని అడిగేది ఇది. శిక్ష పడినవాడి ఓన్ డ్యామేజీ ప్రీమియం పెంచండి. నో క్లెయిమ్ బోనస్‌ను ఆ ఏడాదికి తీసేయండి. ఆ మనిషి మూడేళ్లు మళ్లీ దొరక్కుండా, సస్పెన్షన్ తర్వాత శిక్షణ పూర్తి చేసి నడిపితే పెంచింది దానంతటదే పోయేలా చూడండి. ఎలా నడిపితే అంత ప్రీమియం అనే యాడ్ ఆన్లను 2022 జులైలో మీరే అనుమతించారు. శిక్ష పడినవాళ్లకు తక్కువ ధరకు తిరిగి చేరే దారిగా దాన్ని ముందు పెట్టమని కంపెనీలకు చెప్పండి. కొందరు ఓన్ డ్యామేజీ వదిలేసి టీపీ ఒక్కటే తీసుకుంటారు, పెంపు నుంచి తప్పించుకుంటారు అని మీ అధికారులు అనొచ్చు. తప్పించుకోనివ్వండి. అలాంటివాడిని అదుపు చేయాల్సింది కోర్టు, లైసెన్సు అధికారి. వాళ్ల చేతిలో జైలుంది, రద్దు ఉంది. థర్డ్ పార్టీ బీమా తాగినవాడి కోసం ఉన్నది కాదు, వాడి బండి కింద పడేవాడి కోసం ఉన్నది. దాని ధర పెంచి నలుగురు తాగుబోతులు బీమా మానేస్తే పోయేది రోడ్డు మీద నడిచేవాడి రక్షణ.

కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీటు ఇవ్వాలని 2024లో మీరే కంపెనీలకు చెప్పారు. మా రాష్ట్రంలో అమ్మే ప్రతి మోటారు పాలసీకి ఆ షీటు తెలుగులో ఉండాలి. తాగి నడిపినా, లైసెన్సు సస్పెన్షన్లో నడిపినా మీ బండికి, మీ ప్రాణానికి పైసా రాదు, ఎదుటివాడికి కట్టింది మీ ఆస్తి నుంచి వసూలు చేస్తాం అన్న మాట మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉండాలి. నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఈ మాట నోటితో చెబుతున్నాను. విని ఆగినవాళ్లున్నారు.

ఇక చివరి విన్నపం. తాగి నడిపిన కేసుల్లో బాధితుడికి ముందు డబ్బు కట్టి తర్వాత రాబట్టుకోవడమే పద్ధతి అని, సెక్షన్ 150ను చూపించి ట్రైబ్యునల్లో ఆ కుటుంబాలతో కొట్లాడొద్దని కంపెనీలకు మీ సంతకంతో ఒక సర్క్యులర్ పంపండి. చట్టం మార్చడం పార్లమెంటు పని. ఈ సర్క్యులర్ పంపడం మీ చేతిలో ఉంది.

ఇట్లు
గాజువాక నుంచి ఒక మోటారు బీమా ఏజెంటు